చలికాలం టైర్లలో గాలి: మామగారిదో లెక్క, మావారిదో లెక్క

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పొడుగ్గానే ఉంది, కానీ సమస్య మొత్తం ఆ చిన్న చిన్న వివరాల్లోనే ఉంది కాబట్టి పెద్దగా కత్తిరించకుండా చెబుతాను.

ఆవిడ ఉద్యోగం గచ్చిబౌలిలో. పొద్దున్నే షిఫ్టు కావడంతో ఆరుంపావుకల్లా కారు తీస్తారు. చిన్న కారే, కొని నాలుగేళ్లయింది. డిసెంబరు మొదలైనప్పటి నుంచి స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు మీద టైరు బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు లైటు వెలుగుతోంది. ఆఫీసుకు చేరేలోపు చాలా రోజులు అదే ఆరిపోతోంది. తలుపు పక్కనున్న స్టిక్కరు మీద గాలి మామూలుగా 33 పాయింట్లు (పీఎస్‌ఐ) అనీ, కారు నిండా మనుషులూ సామాన్లూ ఉంటే వెనక టైర్లకు 36 అనీ ఉందట.

ఇంట్లో మాత్రం ఆ స్టిక్కరును ఎవరూ లెక్కచేయడం లేదు. మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, తర్వాత కొన్నాళ్లు ఊళ్లో జీపు నడిపారు. చలికాలం రోడ్డు మంచుకు తడిసి ఉంటుంది, మూడు నాలుగు పాయింట్లు తగ్గిస్తేనే టైరుకు పట్టు ఉంటుందని ఆయన అంటారు. భర్తేమో 40 కొట్టిస్తే మైలేజీ వస్తుందని, టైరు మీదే 51 అని రాసి ఉంటే భయమెందుకని అంటారు. మినియాపొలిస్‌లో ఉన్న మరిది వీడియో కాల్‌లో చలికాలం ఐదు పాయింట్లు ఎక్కువే పెట్టాలి, అసలు వింటర్ టైర్లు వేయించుకోవాలి అన్నాడు. పంక్చర్ షాపు కుర్రాడు నైట్రోజన్ పట్టించుకుంటే ఇక గాలి సంగతే మర్చిపోవచ్చన్నాడు.

పోయిన ఆదివారం గొడవ ముదిరింది. చుట్టాలింటికి వెళ్లి మధ్యాహ్నం ఔటర్ మీదుగా తిరిగి వస్తూ బంకులో గాలి చూపిస్తే 37 వచ్చింది. మామగారు దిగి, ఇంత గాలేమిటని నాలుగు టైర్లలోనూ తీయించి 30కి తెచ్చారు. సోమవారం పొద్దున లైటు వెలిగింది, ఈసారి ఆఫీసుకు చేరినా ఆరలేదు. సాయంత్రం ఈవిడ వెళ్లి మళ్లీ కొట్టించారు. ఆ సంగతి ఇంట్లో తెలిసింది. "ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినవాడిని, నా మాట పంక్చర్ షాపువాడి మాటకన్నా తక్కువైంది" అని ఆయన అప్పటి నుంచి కారెక్కడం మానేశారు. బీపీ చెకప్‌కు కూడా ఆటోలో వెళ్లొచ్చారు. సంక్రాంతి సెలవుల్లో ఐదుగురూ కలిసి లంబసింగి వెళ్లాలనుకున్నారు, ఇప్పుడు ఆయన రానంటున్నారు. ఆయన మాట ఒక్కసారి వింటే నీ సొమ్మేం పోతుందని అత్తగారు. గాలి ఎంత ఉండాలో చెప్పండి, ఆయన్ని మళ్లీ కారెక్కించే దారి కూడా చెప్పండి అని ఈవిడ అడుగుతున్నారు.

ఉత్తరం అయిపోయాక, కింద చిన్న అక్షరాలతో ఇలా రాశారు: "ఎడమవైపు వెనక టైరు మాత్రం ఎంత కొట్టించినా వారం తిరిగేసరికి మిగతావాటికన్నా నాలుగు పాయింట్లు తక్కువ ఉంటుంది. దానికది అలవాటే."

---

అమ్మా, టైరుకు అలవాట్లుండవు.

మిగతా ఉత్తరమంతా పక్కన పెట్టి ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. చలి నాలుగు టైర్లకూ ఒకేలా తగులుతుంది. వాతావరణం వల్ల గాలి తగ్గితే నాలుగింటిలోనూ దాదాపు ఒకేలా తగ్గాలి. ఎండ ఒకవైపే పడుతుంటే ఆ వైపు ఒకటి రెండు పాయింట్లు తేడా రావచ్చు, అంతవరకు సరే. ఒకే టైరు, ప్రతి వారం, నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తోందంటే అందులోంచి గాలి పోతోంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే అక్కడే బిగుసుకుని కూర్చుంటుంది, గాలి ఒక్కసారిగా పోదు, రోజుకు కాస్త చొప్పున జారిపోతుంటుంది. మేకు కాకపోతే వాల్వ్ అరిగి ఉండొచ్చు. లేదా ఏదో గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచు వంగి, టైరు దానికి ఆనుకునే చోట సందు ఏర్పడి ఉండొచ్చు.

ఇంకో సంగతి. చాలా కార్లలో ఆ లైటు నాలుగు టైర్లకూ కలిపి ఒక్కటే ఉంటుంది. ఏ ఒక్కటి తక్కువైనా వెలుగుతుంది. సోమవారం పొద్దున మీ లైటు ఆరకపోవడానికి మామగారు తీయించిన గాలి ఎంత కారణమో, ఈ ఒక్క టైరు కూడా అంతే కారణమై ఉండొచ్చు. ఇంటిల్లిపాదీ చలికాలం గురించి వాదించుకుంటుంటే అసలు దొంగ వెనక చక్రంలో హాయిగా తిరుగుతోందేమో.

రేపే పంక్చర్ షాపుకు వెళ్లండి. గాలి కొట్టడంతో సరిపెట్టకుండా, చక్రం ఊడదీసి సబ్బు నీళ్లు పోసి చూడమనండి. టైరు మీద, వాల్వ్ దగ్గర, రిమ్ము అంచు చుట్టూ, మూడు చోట్లా చూడాలి. నురగ ఎక్కడ పొంగితే అక్కడే లీకు. రోడ్డుకు తగిలే భాగంలో మేకు ఉంటే రెండు దారులున్నాయి. బయటి నుంచి స్ట్రిప్ దూర్చి మూసేయడం ఒకటి, అది పది నిమిషాల్లో అయిపోతుంది, ఊళ్లో తిరగడానికి పనికొస్తుంది. టైరును రిమ్ము నుంచి విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయడం రెండోది. దానికి ఖర్చూ సమయమూ ఎక్కువే, కానీ హైవే మీద దూరం వెళ్లేవాళ్లకు అదే నమ్మకం. మీకు ఘాటు రోడ్డు ప్రయాణం ఉంది కాబట్టి నేనైతే రెండోదే అంటాను. మేకు పక్కగోడలో దిగి ఉంటే మాత్రం రిపేరు మాట ఎత్తొద్దు, టైరు మార్చాల్సిందే. వాల్వ్ అయితే కొత్తది వేస్తారు, అదేం పెద్ద ఖర్చు కాదు.

విప్పినప్పుడే ఇంకో రెండు చూడమనండి. టైరు గాళ్ల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. గాడి అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందని అర్థం, టైరు పని అయిపోయినట్టే. అలాగే పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. పొద్దున్నే మంచుతో, దుమ్ముతో, కారిన ఆయిలుతో జిగటగా ఉన్న రోడ్డు మీద మీ బ్రేకు పనిచేయడం గాలి కంటే ఎక్కువగా ఆ గాళ్ల లోతు మీద ఆధారపడి ఉంటుంది.

ఇక అంకె. మీ ఉత్తరం రెండోసారి చదివాక నాకు తట్టింది ఏమిటంటే, మీ ఇంట్లో జరుగుతున్న వాదన నిజానికి అంకె మీద కాదు. ఎవరు ఏ వేళప్పుడు కొలుస్తున్నారన్నదే తేడా. స్టిక్కరు మీది 33 చల్లటి టైరుకు చెప్పిన లెక్క. చల్లటి టైరంటే చలికాలపు టైరు అని కాదు. బండి కనీసం మూడు గంటలు నీడన ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. అంతే. మే నెలలో కూడా చల్లటి టైరు ఉంటుంది.

బండి నడిస్తే టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఒత్తిడి మూడు నుంచి ఐదు పాయింట్లు పెరుగుతుంది. బయట చల్లబడితే తగ్గుతుంది. సుమారుగా ఐదారు డిగ్రీలకు ఒక పాయింటు అనుకోండి. హైదరాబాదులో జనవరి మధ్యాహ్నం 28, 29 డిగ్రీలుంటుంది. తెల్లవారుజామున 13, 14కు దిగుతుంది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రోజులు పదికి కూడా వస్తుంది. అంటే ఒకే రోజులో, ఎవరూ చెయ్యి పెట్టకుండానే, మధ్యాహ్నానికీ తెల్లవారుకీ మధ్య రెండున్నర, మూడు పాయింట్ల తేడా. ఎండాకాలం 40 డిగ్రీల మధ్యాహ్నం కొట్టించి ఊరుకున్న కారైతే జనవరి పొద్దుటికి ఆ ఒక్క కారణంతోనే నాలుగైదు పాయింట్లు పోగొట్టుకుంటుంది. ఏ మేకూ లేని మంచి టైరు కూడా నెలకు ఒక పాయింటు వరకు వదులుకుంటుంది, అది వేరే.

ఇప్పుడు ఆ ఆదివారం లెక్క చూడండి. ఔటర్ మీద వేగంగా వచ్చిన బండి, పైన మధ్యాహ్నపు ఎండ. బంకులో చూపించిన 37 అసలు ఎక్కువే కాదు, చల్లబడ్డాక అది మీ 33 దగ్గరకే వచ్చి ఆగేది. ఆ వేడి మీద 30కి దించితే, తెల్లారి 13 డిగ్రీల చలిలో అది 24, 25 దగ్గర ఉంటుంది. చాలా కార్లలో ఈ లైటు, ఉండాల్సిన గాలిలో ఐదో వంతో నాలుగో వంతో తగ్గాక గానీ వెలగదు. 33కి నాలుగో వంతు తగ్గితే 25 కన్నా కాస్త తక్కువ. లైటు వెలగక ఏం చేస్తుంది? మామగారు తన మనసులో 30 పెట్టాననుకున్నారు. టైరు మాత్రం 25తో తెల్లవారింది.

ఈ లెక్కతోనే మీ రోజువారీ లైటు కూడా అర్థమవుతుంది. పొద్దున వెలిగి దారిలో ఆరిపోతోందంటే బాగైపోయిందని కాదు. టైరు వేడెక్కి ఆ గీత దాటి పైకొచ్చిందంతే, మర్నాడు మళ్లీ కిందికి పోతుంది. ఇంకోటి గుర్తుంచుకోండి. నిలకడగా వెలిగితే గాలి తక్కువని అర్థం. స్టార్ట్ చేయగానే నిమిషంపైగా మిణుకు మిణుకుమని ఆ తర్వాత నిలకడగా ఉండిపోతే మాత్రం గాలిది కాదు తప్పు, సెన్సరులోనో సిస్టంలోనో ఏదో తేడా ఉన్నట్టు. కొన్ని కార్లలో టైరులో సెన్సరే ఉండదు, చక్రాలు తిరిగే వేగంలో తేడా చూసి కారు ఊహించుకుంటుంది. అలాంటి కారైతే గాలి సరిచేసిన ప్రతిసారీ మెనూలోకి వెళ్లి రీసెట్ చేయాలి, లేకపోతే పాత లెక్కతోనే మిమ్మల్ని బెదిరిస్తూ ఉంటుంది.

మీవాళ్లు ఒక్కొక్కరూ చెప్పినదాంట్లో ఎంత నిజముందో చూద్దాం, ఎందుకంటే ఎవరూ గాలిలోంచి పుట్టించి చెప్పలేదు.

మీ మరిది చెప్పింది ఆయనుండే చోట అక్షరాలా నిజం. మినియాపొలిస్‌లో జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీలకు దిగడం మామూలే. వెచ్చటి గ్యారేజీలో 15 డిగ్రీల దగ్గర గాలి కొట్టుకుని బయటికి వస్తే ఐదారు పాయింట్లు అక్కడికక్కడే పోతాయి, అందుకే ముందే ఎక్కువ పెట్టుకుంటారు. అది స్టిక్కరును దాటి వెళ్లడం కాదు, బయట కూడా స్టిక్కరు అంకె నిలవడానికి చేసే ఏర్పాటు. వింటర్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల కింద కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. మన ఎండకు ఆ మెత్తదనమే శాపం, త్వరగా అరుగుతాయి, వేడి రోడ్డు మీద బ్రేకు కూడా ఆలస్యంగా పడుతుంది. ఆయనకు థ్యాంక్స్ చెప్పి ఊరుకోండి.

మీవారి 40 సంగతి. టైరు మీద రాసిన 51 ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. ఆ టైరును పదిరకాల కార్లకు వేస్తారు, మీ కారు బరువెంతో టైరు కంపెనీకి తెలియదు. కారు కంపెనీకి తెలుసు, అందుకే తలుపు దగ్గర వేరే అంకె రాసింది. 40 పెడితే టైరు మధ్యలో ఉబ్బి, నడుము భాగమే రోడ్డును తాకుతుంది. మధ్యలో అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, మన కాలనీ రోడ్ల గుంతలన్నీ మీ వెన్నుపూసకు తెలుస్తాయి. మైలేజీ మాటంటారా, ఒక్కో పాయింటు తగ్గినప్పుడు పోయేది సుమారు 0.2 శాతం. 25తో తిరిగేవాళ్లు 33కి వస్తే కొంచెం లాభం. 33 నుంచి 40కి ఎగబాకితే వచ్చే ఆ కాస్తా కొత్త టైర్ల ఖర్చులో కొట్టుకుపోతుంది.

నైట్రోజన్: మనం పీల్చే గాలిలోనే 78 శాతం అదే ఉంది. చలికి అది కూడా మామూలు గాలిలాగే తగ్గుతుంది. తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా జారుతుంది, అంతవరకే. మేకున్న టైరులో ఏ వాయువు పోసినా ఒకటే.

మామగారి మాట దగ్గర కాసేపు ఆగాలి. టైరులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్నది పచ్చి అబద్ధమేం కాదు. ఊళ్లో జీపు నడిపారన్నారు కదా. ఇసుకలో, బురదలో దిగబడకుండా టైరు పరుచుకోవాలంటే గాలి తీస్తారు, అది పనిచేస్తుంది కూడా, వేగం తక్కువ కాబట్టి నష్టం ఉండదు. తారు రోడ్డు మీద తడి ఉన్నప్పుడు మాత్రం కథ తిరగబడుతుంది. గాలి తగ్గిన టైరు మధ్యలో లోపలికి వంగుతుంది, గాళ్లు నీటిని బయటికి తోయలేవు, నీటి మీద జారడం త్వరగా మొదలవుతుంది. పైగా పక్కగోడలు ఎక్కువగా వంగి లేచి వేడెక్కుతాయి. హైవే మీద టైరు పేలడానికి గాలి ఎక్కువ కావడం కంటే తక్కువ కావడమే పెద్ద కారణం. ఎండాకాలం పేలుతుందని గాలి తీయించేవాళ్లు కూడా మనలో చాలామంది ఉన్నారు, మీ మామగారు ఆ బాపతు అయితే ఏప్రిల్‌లో మీకు ఇంకో ఉత్తరం రాసే పని పడుతుంది.

ఆయన "మూడు నాలుగు పాయింట్లే కదా" అనడానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. బస్సు టైర్లలో వంద పాయింట్లకు పైన గాలి ఉంటుంది. అక్కడ నాలుగంటే నూటికి నాలుగు, లెక్కలోకి రాదు. రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడును బట్టి గాలి ఉందో లేదో చెప్పిన తరం వాళ్లది. మీ కారులో నాలుగంటే 33లో నాలుగు, ఎనిమిదో వంతు. ఆయన చెయ్యి తప్పలేదు, బండి మారింది. ఈ మాట మీరు ఆయనతో అనగలిగితే సగం అలక అక్కడే తీరుతుందేమో.

మీ చేతిలో ఉన్న దారులు చెబుతాను, మీ వీలును బట్టి ఎంచుకోండి.

చిన్న డిజిటల్ గేజీ ఒకటి, కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న పంపు ఒకటి కొనుక్కుని, పొద్దున్నే ఇంటి దగ్గరే 33 పెట్టుకోవడం అన్నిటికన్నా ఖాయమైన దారి. నెలకు రెండుసార్లు, పావుగంట పని. ఎప్పుడూ అదే గేజీతో కొలవండి. బంకు గేజీకీ మీ గేజీకీ ఒకటి రెండు తేడా ఉంటుంది, అది చూసి మళ్లీ ఇంట్లో కొత్త పంచాయితీ పెట్టుకోవద్దు.

కొనే ఉద్దేశం లేకపోతే, ఇంటికి కిలోమీటరు దూరంలో బంకు ఉంటే ఆఫీసుకు వెళ్లే ముందే అక్కడ ఆగండి. గాలికి డబ్బులివ్వక్కర్లేదు. ఆ మెషీన్ మీద అంకె మీరే నొక్కించండి. ముందు వచ్చిన కారుకు పెట్టిన 35 అలాగే ఉంటుంది, కుర్రాడు పైపు తగిలించి బీప్ రాగానే తీసేస్తాడు, మీకు ఎంత పడిందో మీకే తెలియదు.

పొద్దున అసలు కుదరదు, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే వీలంటారా? అప్పుడు టైరు వేడిగా ఉంటుంది కాబట్టి 36, 37 దగ్గర ఆపించండి. ఇది ఉజ్జాయింపు, ఏదో ఒక ఆదివారం పొద్దున చల్లటి టైరు మీద సరిచూసుకోవాలి. ఈ పద్ధతిలో ఒక్కటే నిషేధం: వేడి టైరు ఎంత ఎక్కువ చూపించినా గాలి తీయకూడదు.

ఏమీ చేయకుండా, లైటు ఎలాగూ ఆరిపోతోంది కదా అని ఊరుకోవడం కూడా ఒక దారే, చాలామంది చేసేది అదే. మీరొక్కరే ఊళ్లో 40, 50 వేగంతో తిరిగినంత కాలం రేపో ఎల్లుండో ప్రమాదం జరుగుతుందని భయపెట్టను. టైరు రెండు అంచులూ అరిగిపోతాయి, గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పక్కగోడ నలిగి బుడిపె కడుతుంది. కానీ ఐదుగురితో, సామాన్లతో, హైవే మీద అదే గాలితో వెళ్తే ఆ మాట నేను అనలేను.

మీ అత్తగారి సలహా, అంటే ఒక్కసారి ఆయన చెప్పినట్టు 30తో నడపడం. పొద్దున్నే చల్లటి టైరు మీద కొలిచి 30 ఉంచితే, మీరొక్కరే ఆఫీసుకు వెళ్లొచ్చే రోజుల్లో కొంప మునగదు. కాకపోతే ఆ 30 ఫిబ్రవరి దాకా 30గానే ఉండదు, చూస్తుండగానే 28 అవుతుంది. అదీగాక, లైటు వెలిగిన ప్రతిసారీ ఆ తప్పు ఆయన లెక్కలోకి పోతుంది. ఆయన మాట నెగ్గించినట్టు కనిపిస్తుంది గానీ, రోజూ ఆయన్ని ఓడించినట్టే అవుతుంది.

ఆయన్ని ఎలా కదిలించాలి? ఈ ఉత్తరం చూపించి "చూశారా, మీరు చెప్పింది తప్పట" అనడం ఒక పద్ధతి. దాని ఫలితం నేను చెప్పక్కర్లేదు. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లి మెకానిక్ చేత చెప్పించడం ఇంకోటి. పరాయివాడు చెబితే కొందరు వింటారు, కొందరికి నలుగురూ ఒక్కటై తన మీద పడ్డారనిపిస్తుంది. ఉత్తరంలో ఆయన అన్న మాటను బట్టి మీ మామగారు రెండో రకమనిపిస్తోంది.

నాకు నచ్చిన దారి వేరే. ఆయన పొద్దున ఎన్నింటికి లేస్తారో రాయలేదు గానీ, డ్యూటీకి నాలుగింటికి లేచిన ప్రాణం రిటైరైనా ఎనిమిదింటి దాకా పడుకోదు. ఆ గేజీ కొని ఆయన చేతిలో పెట్టండి. "మామయ్యగారూ, ఎడమ వెనక చక్రంలో ఏదో తేడా ఉంది, నాకు అంతుపట్టడం లేదు, వారం రోజులు పొద్దున మీరు లేవగానే నాలుగూ కొలిచి రాసి పెట్టండి" అనండి. ఇది నాటకం కాదు, మీకు నిజంగానే ఆ లెక్క కావాలి. పంక్చర్ వేయించాక కూడా గాలి నిలుస్తోందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు రోజూ చూడాలి. ఒక మధ్యాహ్నం, బండి తిరిగి రాగానే కూడా కొలవమనండి. పొద్దున 33, మధ్యాహ్నం 37. ఎవరూ గాలి కొట్టలేదు, ఎవరూ తీయలేదు. ముప్పై ఏళ్లు బండితో బతికిన మనిషికి ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే మీరు వేరే ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. అప్పటికీ ఎందుకు పొద్దునే కొలవాలంటే, మెట్లెక్కి ఆయాసంతో రాగానే డాక్టరు బీపీ చూడడు, కాసేపు కూర్చోబెట్టి చూస్తాడు కదా అనండి. ఈ మధ్యే చెకప్‌కు వెళ్లొచ్చారు కాబట్టి చప్పున అందుతుంది.

దీనికో చిక్కు ఉంది, దాచను. గేజీ ఆయన చేతికిస్తే గాలి మీద పెత్తనం కూడా కొంత ఆయనదే అవుతుంది. ఏదో ఒక రోజు 34 కనిపిస్తే ఒక పాయింటు తీసేస్తారు. తీయనివ్వండి. ఒక పాయింటుకు టైరు ఏమీ అనదు.

ఇంకో చిన్న మాట, కోపం తెచ్చుకోవద్దు. సోమవారం సాయంత్రం మీరు గాలి కొట్టించడం తప్పు కాదు, అవసరం కూడా. ఆయనకు చెప్పకుండా కొట్టించారు. పొద్దున లైటు వెలిగిందని ఆయనకు ముందే ఒక ఫోన్ చేసి ఉంటే, బహుశా ఆయనే ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ కొట్టించుకో అని ఉండేవారు. పెద్దవాళ్లకు తమ పని తిరగదోడారన్న బాధ కంటే, చాటుగా తిరగదోడారన్న బాధ ఎక్కువ. ఆ ఒక్కదానికి ఒక "సారీ మామయ్యగారూ" అంటే మీ 33 ఏమీ తగ్గిపోదు.

లంబసింగి ప్రయాణానికి ముందు రోజు పొద్దున, టైర్లు చల్లగా ఉండగా, ముందు 33, వెనక 36 పెట్టించండి. ఐదుగురూ, సంక్రాంతి సామాన్లూ అంటే స్టిక్కరు మీది రెండో లెక్క మీ కోసమే. విజయవాడ దాటి వెళ్తుంటే మధ్యాహ్నానికి 40 చూపించినా ముట్టుకోవద్దు. నర్సీపట్నం దాటి ఘాటు ఎక్కాక చలి మొదలవుతుంది. అక్కడ తెల్లవారుజామున ఐదు డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి కూడా పోతుంది, మీ ఇంటి పొద్దుటికన్నా ఒకటిన్నర పాయింట్లు అదనంగా పోవచ్చు. ఎత్తుకు పోయినకొద్దీ బయటి గాలి పలచబడి గేజీ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, హైదరాబాదుకూ లంబసింగికీ ఎత్తు తేడాకు ముప్పావు పాయింటు లోపు, కాబట్టి చలే నెగ్గుతుంది. పొద్దున అక్కడ లైటు వెలిగితే కంగారు పడకుండా నాలుగూ కొలవండి. నాలుగూ సమానంగా రెండు మూడు తగ్గి ఉంటే చలి పని, పంపు ఉంటే కొంచెం కొట్టుకోండి, లేకపోతే నెమ్మదిగా కిందికి దిగండి, ఎండ వచ్చేసరికి అదే సర్దుకుంటుంది. ఒక్కటే తగ్గి ఉంటే మాత్రం అక్కడి నుంచి కదలకముందే ఆ చక్రం సంగతి చూడాలి.

ఆ పని మామగారికి అప్పగించండి, ఘాటు రోడ్డు మీద ఆయన కంటే తెలిసినవాళ్లు మీ కారులో ఇంకెవరూ ఉండరు. బయల్దేరే ముందు స్టెప్నీ కూడా చూడమనండి. డిక్కీ అడుగున అది నాలుగేళ్లుగా ఎవరికీ గుర్తులేకుండా పడి ఉండి ఉంటుంది. మీ కారుకు ఇచ్చింది సన్నటి తాత్కాలిక చక్రమైతే దాని మీద సాధారణంగా 60 పాయింట్ల గాలి అని రాసి ఉంటుంది, దానికి 33 పెట్టొద్దు.